చెరిసగం పేరు

అక్టోబరు వచ్చిందంటే వాంకూవర్ పక్కనున్న బర్నబీలో వానకు వేళాపాళా ఉండదు. ఆ మంగళవారం పొద్దున కూడా బేస్‌మెంటు కిటికీలోంచి చూస్తే కనిపించేవి తడిసిన ఆకులూ, నడిచిపోయే వాళ్ల పాదాలూ మాత్రమే. ఝాన్సీ ఒక పొయ్యి మీద ఉప్మాకు ఎసరు పెట్టి, రెండో పొయ్యి మీద టీ మరగబెడుతూ, ఈ వంటింట్లో ఇంకెన్నాళ్లులే అని సంబరపడుతోంది. ఐదేళ్లుగా ఆ కిటికీలోంచి ఆమె మనుషుల మొహాలు చూసింది లేదు.

పైన ఉండే ఇంటాయన సర్దార్జీ మంచివాడే. కొడుక్కి పెళ్లి కుదిరిందనీ, కొత్త జంటకు కింది భాగం కావాలనీ, డిసెంబరుకల్లా ఖాళీ చేసి పెట్టమనీ లడ్డూల డబ్బా చేతిలో పెట్టి మరీ చెప్పాడు. లడ్డూలు బాగానే ఉన్నాయి గానీ కబురే మింగుడు పడలేదు. ఊరి నిండా స్టూడెంట్లు పోటెత్తి ఉన్నారు, ఒక్కో గదికి నలుగురు క్యూలో నిలబడుతున్నారు. ఆ అద్దెలు చూసి గుడ్లు తేలేసి, ఆ అద్దేదో సొంత ఇంటికే కడదామని ఝాన్సీ, జయదేవ్ తెగించారు. నాలుగో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు కుదిరింది. శుక్రవారం సాయంత్రంలోగా లోను ఖాయమైందని రాసిస్తే ఇల్లు వాళ్లది, లేకపోతే వెనకాల కాచుకుని ఉన్నవాళ్లది.

ఫోను మోగింది. రాజగోపాల్ గారు. వాంకూవర్ చుట్టుపక్కల తెలుగువాళ్లలో సగం మందికి లోన్లు ఇప్పించిన మనిషి ఆయన. ప్రతి లోనునూ సొంత కూతురి పెళ్లంత హడావుడిగా చేస్తాడు. ఫోను ఎత్తగానే "ఏమ్మా, పాలు పొంగించడానికి గిన్నె కొన్నావా లేదా?" అంటాడు. ఆ పొద్దున ఆ మాట అనలేదు.

"జయదేవ్ పక్కన ఉన్నాడా అమ్మా?"

"స్నానం చేస్తున్నాడండీ. చెప్పండి."

"నువ్వు ఎప్పుడైనా హాలిఫాక్స్‌లో ఉన్నావా?"

"లేదండీ. దేశానికి ఆ చివర కదా, నేను ఆ వైపు విమానం కూడా ఎక్కలేదు."

అట్నుంచి కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "నీ క్రెడిట్ రిపోర్టులో మచ్చ ఉందమ్మా. సెల్‌ఫోన్ బిల్లు కట్టలేదని ఒకటి బాకీలు వసూలు చేసే కలెక్షన్‌కి వెళ్లింది. దాని కింద ఇంకోటి. ఆంబులెన్సు బిల్లు. రెండూ హాలిఫాక్స్‌వే. లోనిచ్చే లెండర్ మన ఫైలు పక్కన పెట్టేశాడు."

"నాది కాదండీ. పొరపాటు పడి ఉంటారు."

"పేరు నీదే. పుట్టిన తేదీ నీదే. పాత అడ్రసు చూస్తే మీ ఇల్లే. నాతో అబద్ధం ఆడినా పర్లేదు గానీ అమ్మా, బ్యాంకువాడితో కుదరదు."

ఉప్మా అడుగంటి మాడు వాసన వచ్చేదాకా ఝాన్సీకి పొయ్యి సంగతే గుర్తు లేదు. తలుపు దగ్గర తువ్వాలు భుజాన వేసుకుని జయదేవ్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు.

"ఆంబులెన్సు ఏమిటి?" అన్నాడు.

ఆమె చెప్పింది. చెబుతుంటే అతని మొహంలో రంగు మారడం ఆమెకు కనిపిస్తూనే ఉంది.

"ఏ నెల?"

"ఫిబ్రవరి అట."

"ఫిబ్రవరిలో నేను ఇక్కడ లేను. నాన్న ఆపరేషన్‌కి విజయవాడ వెళ్లాను."

"అయితే?"

"అయితే ఏమీ లేదు. అడుగుతున్నా." తువ్వాలు కుర్చీ మీద పడేసి, "నాకు చెప్పకూడనిది ఏదైనా జరిగిందా ఝాన్సీ?" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఆమె మీద గొంతు పెంచిన రోజులున్నాయి. ఇంత మెల్లగా మాట్లాడిన రోజు మాత్రం లేదు. ఆ మెల్లదనానికే ఆమెకు ఒళ్లు మండింది, భయం కూడా వేసింది. "మాడిపోయిన ఉప్మా తింటావా, బయట తింటావా?" అని మాత్రం అడిగింది. అతను తినకుండానే వెళ్లిపోయాడు.

ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుందే గానీ ఝాన్సీకి పని ముందుకు సాగలేదు. పేరు తనదే, తేదీ తనదే, ఇల్లూ తనదే. మరి తను కాకపోతే ఎవరు? రాజగోపాల్ గారు పంపిన రిపోర్టును మళ్లీ మళ్లీ చూసింది. మళ్ళ ఝాన్సీలక్ష్మి. జూన్ పదిహేను. కాఫీ కప్పు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ పేరుతో, ఆ తేదీతో ఈ భూమ్మీద ఇంకొకత్తె ఉంది. ఇన్నాళ్లూ ఆ సంగతి మర్చిపోయినట్టు నటించింది తనే.

ఝాన్సీలక్ష్మి అన్నది ఝాన్సీ నాయనమ్మ పేరు. ఆవిడ పోయాక కొడుకులిద్దరికీ ఆడపిల్లలు పుట్టారు. అమ్మ పేరు నా కూతురికంటే నా కూతురికని అన్నదమ్ములు ఇద్దరూ పంతానికి పోయి, ఎవరూ వెనక్కి తగ్గక, చివరికి ఇద్దరు పిల్లలకీ ఆ పేరే పెట్టి ఊరుకున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరిని ఒకే పేరుతో పిలవడం కుదరక పేరును చెరిసగం చేశారు. పెద్దకొడుకు కూతురు ఝాన్సీ, చిన్నకొడుకు కూతురు లక్ష్మి. ఏడాదిన్నర తేడా ఉన్న ఆ ఇద్దరినీ తాతయ్య ఒకే రోజు పాయకరావుపేట బడికి తీసుకెళ్తే, మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని, ఒకరికి కాస్త తగ్గించి మరొకరికి కాస్త పెంచి, ఇద్దరికీ ఒకే ఏడాది జూన్ పదిహేను అని రాసిపారేశారు. హాజరు పిలిచేటప్పుడు మాత్రం ఆయనకు తిప్పలు వచ్చాయి. అందుకని ఝాన్సీలక్ష్మి వన్, ఝాన్సీలక్ష్మి టూ అని పిలిచేవారు. టూ సగం రోజులు బడి వెనక జామచెట్టు కిందే ఉండేది. వన్ తన హాజరు తను పలికి, గొంతు సన్నగా చేసి టూ హాజరు కూడా పలికేది.

ఆ లక్ష్మే రెండున్నరేళ్ల క్రితం స్టూడెంట్ వీసా మీద వాంకూవర్ వచ్చి, ఝాన్సీ ఇంట్లో సోఫా మీద నాలుగు నెలలు పడుకుంది. మొదటి సిమ్ కార్డు ఈ అడ్రసు మీదే తీసుకుంది. క్లాసులు ఎగ్గొట్టి రెస్టారెంటు వంటగదిలో షిఫ్టులు చేస్తోందని ఝాన్సీకి తెలిసింది. దాని మంచికే కదా అని పిన్నికి ఫోన్ చేసి చెప్పేసింది. అంతే. అక్కడ పిన్ని ఏడుపు, బాబాయి పాండురంగ కేకలు, ఇక్కడ లక్ష్మి పెట్టె సర్దుకోవడం. హాలిఫాక్స్‌లో ఫీజు తక్కువనీ, స్నేహితురాలు ఉందనీ చెప్పి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "చిన్నప్పట్నుంచీ నా హాజరు నువ్వే పలుకుతున్నావక్కా. ఇంక చాలు," అంది. ఆ తర్వాత రెండిళ్ల మధ్యా మాటల్లేవు. ఎవరు ముందు పలకరిస్తారా అని ఝాన్సీ చూసింది. అటునుంచి పలకరింపు రాలేదు. కొన్నాళ్లకు చూడటం కూడా మానేసింది.

సాయంత్రం జయదేవ్ రాగానే ఝాన్సీ విషయం చెప్పేసింది. అతను సోఫాలో కూలబడి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. పొద్దుటి అనుమానానికి సిగ్గుపడ్డాడు, సిగ్గుపడి ఊరుకోకుండా దాన్ని కోపం కింద మార్చుకున్నాడు.

"అంటే మీ చెల్లెలు బిల్లులెగ్గొట్టి తిరిగితే మన ఇల్లు పోవాలా?"

"ఎగ్గొట్టి తిరుగుతోందని ఎవరన్నారు?"

"రిపోర్టు అంటోంది!"

రాజగోపాల్ గారిని ఫోన్లో స్పీకరు మీద పెట్టాడు. ఆయన అంతా విని గొంతు తగ్గించాడు.

"చూడండి, దగ్గరిదారి ఒకటుంది. ఎవరో నా పేరు వాడుకుని మోసం చేశారు, వాళ్లెవరో నాకు తెలియదు అని పోలీసు కంప్లయింటు ఇస్తే ఒక నంబరిస్తారు. ఆ నంబరు చూపించి లెండర్ని నేను ఒప్పిస్తా. రేపు పొద్దున్నే ఇచ్చేయండి."

"అలాగే అండీ," అన్నాడు జయదేవ్.

"కుదరదండీ," అంది ఝాన్సీ.

ఫోన్లో ఆయన, సోఫాలో ఇతను ఇద్దరూ ఒక్కసారే గతుక్కుమన్నారు. తర్వాత చేస్తానని చెప్పి ఝాన్సీ ఫోన్ పెట్టేసింది.

"ఎందుకు కుదరదు?"

"ఎవరో తెలియదని రాయాలంట. నాకు తెలుసు కదా."

"నీకు తెలుసని వాళ్లకెలా తెలుస్తుంది?"

"రేపు అది వర్క్ పర్మిట్‌కి అప్లై చేస్తే, పోలీసు రికార్డులో దాని పేరు మీద మోసం అని ఉంటే? దాని చదువూ ఇన్నాళ్ల చాకిరీ ఏమైపోవాలి? అది నా పేరు దొంగిలించలేదు జయ్. అది దాని పేరే."

"మరి మన సంగతి? డిసెంబరులో సామాను నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోదాం? పోనీ ఆ అమ్మాయి నీతో బాగుందా అంటే అదీ లేదు. నీ మొహం చూడనని పోయింది. దానికోసం నువ్వు ఇల్లు వదులుకుంటావా?"

"వదులుకుంటానని అనలేదు. ముందు దానితో మాట్లాడతానంటున్నా."

"రెండేళ్లుగా గుర్తు రాలేదుగా!"

ఆ మాట అన్నాక తనకే ఎక్కువైందనిపించి జయదేవ్ కుక్కరు కడగడానికి సింకు దగ్గరికి పోయాడు. ఝాన్సీ మనసు అప్పటికే రిపోర్టులోని రెండో బిల్లు దగ్గర ఆగిపోయి ఉంది. ఫోన్ బిల్లు కట్టకపోవడం అర్థమవుతుంది. ఆంబులెన్సు ఎందుకు? అందులో పడుకున్నది లక్ష్మి అయితే, ఏమైందని? ఆ తర్వాత ఏమైంది?

లక్ష్మి పాత నంబరుకు చేసింది. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని గొంతు వినిపించింది. ఇన్‌స్టాగ్రామ్ తెరిచింది. చివరి ఫోటో జనవరిది. మంచులో నిలబడి నవ్వుతోంది. ఆ తర్వాత ఏమీ లేదు.

బుధవారం పొద్దున, అక్కడ ఊళ్లో దీపాలు పెట్టే వేళ చూసుకుని, లక్ష్మి తల్లి సూర్యకుమారి పిన్నికి ఫోన్ చేసింది. ఎత్తుతుందో లేదో అనుకుంది గానీ పిన్ని మొదటి రింగుకే ఎత్తింది. రెండేళ్ల బెట్టు అరనిమిషంలో కరిగిపోయి యోగక్షేమాలు ఏకరువు పెట్టింది. కూతురి మాట రాగానే గొంతులో గర్వం పొంగింది.

"మీ చెల్లికేం, బాగుందమ్మా. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తది. కాలేజీలోనే ఏదో ఉద్యోగం అంట. మొన్న నాకు చీర కొనుక్కోమని డబ్బులు కూడా పంపింది."

"వీడియో కాల్ చేస్తుందా పిన్నీ?"

"ఎక్కడే! కెమెరా పాడైపోయిందంట. ఉత్త మాటలే."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచా..." పిన్ని ఆలోచించింది. "శివరాత్రికి ముందు చూశాను. జాగారం నాడు చేస్తే అప్పటికే పాడైందంది. కొత్త ఫోన్ కొనుక్కోవే అంటే ఇదిగో అదిగో అంటది. ఏం, ఎందుకడిగావ్? నీకు చేస్తోందా?"

శివరాత్రి ఫిబ్రవరిలోనే వచ్చింది. నాలుక చివరిదాకా వచ్చింది మాట. పిన్నీ, దానికి ఏదో జరిగింది, ఆంబులెన్సు వచ్చింది, మొహం దాచుకుంటోంది. చెప్పేస్తే తన భారం దిగిపోతుంది. కిందటిసారి అలా దింపుకున్న భారమే ఇక్కడిదాకా వచ్చింది.

"ఊరికే పిన్నీ. చూసి చాలా రోజులైంది కదా, అందుకని," అంది.

తను భయపడుతున్నది పోయిన మనిషి గురించి కాదు, బతికున్న మనిషి గురించే కదా అని తనకు తను చెప్పుకుంది. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తోంది కాబట్టి మనిషి ఉంది. ఉంది గానీ ఎలా ఉంది? ఆఫీసుకు పోయే బస్సులో ఎదురుగా బ్యాగులు ఒళ్లో పెట్టుకుని కునికిపాట్లు పడుతున్న స్టూడెంటు పిల్లలను చూస్తే ప్రతి మొహమూ లక్ష్మిలాగే కనిపించింది.

లక్ష్మిని హాలిఫాక్స్ రమ్మన్న స్నేహితురాలి పేరు మధుమిత అని గుర్తొచ్చింది. ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికి మెసేజ్ పెడితే మధ్యాహ్నానికి ఆ అమ్మాయే ఫోన్ చేసింది. ఝాన్సీ డబ్బా మూత కూడా తీయకుండా లంచ్ రూము మూలకు వెళ్లి నిలబడింది.

"మీరు ఝాన్సీ అక్కేనా? లక్ష్మి మీ గురించి చాలా చెప్పేది."

"ఏమని చెప్పేది?"

"బడిలో మీరే దాని అటెండెన్స్ చెప్పేవారంట కదా." నవ్వబోయి ఆగిపోయింది. "అక్కా, ఇవన్నీ నేను చెప్పినట్టు దానికి చెప్పొద్దు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది."

"చెప్పు తల్లీ."

"అప్పుడు ఒక టర్ము ఫీజు లేటైంది. దాంతో ఇన్సూరెన్సు కట్ అయింది. ఆ టైములోనే షిఫ్టు అయ్యాక బస్సు దిగి నడుస్తుంటే ఐసు మీద జారింది. మొహం పోయి మెట్టు అంచుకి కొట్టుకుంది. దవడ చీలింది అక్కా, పళ్లు కూడా పోయినయ్. రక్తం చూసి ఎవరో ఆంబులెన్సుకి ఫోన్ చేశారు. వాళ్లు వచ్చి ఎక్కిస్తుంటే ఇది 'వద్దు, వద్దు, నేను నడిచే వెళ్తా' అని చేతులు అడ్డం పెట్టిందంట. బిల్లు వస్తుందని. ఒంట్లోంచి అంత రక్తం పోతుంటే."

ఝాన్సీ గోడకు ఆనుకుంది.

"తర్వాత చాలా రోజులు పనికి పోలేకపోయింది. ఫోన్ పోయింది. నాకు జాబ్ వచ్చి హార్బరుకి అవతల ఒడ్డుకి మారిపోయాను. ఇది ఎవరి బేస్‌మెంటులోనో ఉంటోంది. ఫీజు మాత్రం ఆపలేదు అక్కా. ముందు ఫీజు, తర్వాత అమ్మకి డబ్బులు, ఆ తర్వాతే బిల్లులు అంటది. కొత్త నంబరిస్తాను. తెలియని నంబర్లు ఎత్తదు. కలెక్షన్ వాళ్లేమోనని భయం."

ఝాన్సీ ఆ సాయంత్రం చేసింది, లక్ష్మి ఎత్తలేదు. గురువారం పొద్దున చేసింది, ఎత్తలేదు. 'లక్ష్మీ, నేను అక్కని' అని మెసేజ్ పెట్టింది. చూసినట్టు గుర్తు పడింది గానీ బదులు రాలేదు. ఇల్లంతా ఆ ఫోను చుట్టూనే తిరుగుతోంది. జయదేవ్ కూడా జరిగింది విన్నాక కంప్లయింటు మాట ఎత్తలేదు. పొద్దున్నే చపాతీలు తనే చేశాడు. అవి ఏ దేశం పటం లాగానూ లేవు, అయినా ఇద్దరూ తిన్నారు.

రాజగోపాల్ గారు మళ్లీ ఫోన్ చేశారు. మంచి మనిషి, రెండో దారి కూడా వెతికి పెట్టారు. "ఒకే పేరుతో ఇద్దరున్నారని రుజువైతే చాలమ్మా. ఆ అమ్మాయి పాస్‌పోర్టు కాపీ, ఈ బిల్లులు నావే అని రెండు ముక్కలు రాసిస్తే లెండర్ చూస్తాడు. కానీ రేపు మధ్యాహ్నంలోగా నా చేతికి రావాలి."

"అంటే ఆ మచ్చ నా మీంచి తీసి దాని మీద వేయాలి."

"ఎవరిది వాళ్లకి వెళ్తుందమ్మా. అబద్ధం లేదు కదా ఇందులో."

అబద్ధం లేదు, నిజమే. అయినా ఆ మెసేజ్ రాయడానికి ఝాన్సీకి చాలాసేపు పట్టింది. రాసి, చెరిపి, మళ్లీ రాసింది. చివరికి సంగతంతా ఉన్నదున్నట్టు పెట్టేసింది. ఇల్లు కొంటున్నామని, నీ బిల్లులు నా రిపోర్టులోకి వచ్చాయని, ఇలా ఇలా కావాలని. ఆఖరున, నీకు ఇష్టం లేకపోతే పంపొద్దు, ఎలా ఉన్నావో ఒక్క మాట చెప్పు చాలు అని రాసింది. చూసినట్టు గుర్తు పడింది. అంతకుమించి ఏమీ లేదు.

ఆ తర్వాతి గంటలు ఝాన్సీకి ఇల్లు గుర్తులేదు. ఈ మెసేజ్ చూసి అదేమైనా చేసుకుంటే అన్న ఆలోచన ఒకటి వచ్చి కూర్చుని, ఎంత తోసినా కదలలేదు. బిల్లులు, కలెక్షన్ వాళ్లు, వాళ్లకు తోడు ఇప్పుడు అక్క. మధుమితకు ఫోన్ చేసి, ఒకసారి వెళ్లి చూసి రావా అని బతిమాలింది. మధుమిత ఫెర్రీ ఎక్కి వెళ్లింది. తలుపు తాళం వేసి ఉందని, పనికి వెళ్లి ఉంటుందని చెప్పింది. ఉంటుందేమో.

శుక్రవారం ఇద్దరూ ఇంటి నుంచే పని చేస్తున్నామని ఆఫీసుల్లో చెప్పారు గానీ ఎవరూ పని చేయలేదు. వాన ఆగలేదు. పదకొండు దాటుతుండగా ఫోను టింగుమంది.

లక్ష్మి. రెండు ఫోటోలు. ఒకటి పాస్‌పోర్టు. రెండోది తెల్లకాగితం మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు: ఈ బిల్లులు నావి, మా అక్కవి కావు. కింద సంతకం. పలకరింపు లేదు, తిట్టు లేదు.

"వచ్చిందా?" జయదేవ్ ఒక్క గెంతులో వచ్చాడు. "దేవుడా, వచ్చేసింది! ఫార్వర్డ్ చెయ్యి, ఫార్వర్డ్ చెయ్యి. ఇంకా టైముంది."

ఝాన్సీ ఫోను అతని చేతికివ్వలేదు. పాస్‌పోర్టులో లక్ష్మి మొహాన్ని చూస్తోంది. నున్నటి బుగ్గలు, రెండు జడలు విప్పి కొత్తగా ఒక జడ వేసుకున్న మొహం. ఆ ఫోటో దిగిన రోజు తుని స్టూడియోలో పక్కనే నిలబడి, గడ్డం పైకెత్తవే అని చెప్పింది తనే. పక్కన పుట్టిన తేదీ, జూన్ పదిహేను. అడగగానే ఇచ్చేసింది. తన మీద మచ్చ పడుతుందని తెలిసీ, ఒక్క మాట అడగకుండా, ఒక్క మాట అనకుండా. ఇన్నాళ్లూ అది నాకేమిచ్చిందని లెక్కలు వేసుకుంటూ కూర్చున్న మనిషికి ఆ కాగితం చూస్తే తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఇంకా ఏం చూస్తున్నావ్?"

"ముందు దానితో మాట్లాడతా. తర్వాతే పంపుతా."

"ఎత్తకపోతే?"

"ఎత్తేదాకా చేస్తా."

జయదేవ్ గడియారం వంక చూశాడు, ఆమె వంక చూశాడు. వచ్చి పక్కన కూర్చున్నాడు. "చెయ్యి," అన్నాడు.

ఝాన్సీ వీడియో కాల్ నొక్కింది. అట్నుంచి ఎత్తారు. తెర మాత్రం నల్లగానే ఉంది.

"అందిందా అక్కా?" గొంతు కొంచెం మారింది. కొన్ని అక్షరాలు పళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయి. "ఇల్లొస్తుంది కదా?"

"లక్ష్మీ..."

"బావకి చెప్పు, పొరపాటైపోయిందని. పేరు ఒకటే కావడం నా తప్పు కాదుగా." నవ్వినట్టు చేసింది. "సరే మరి, షిఫ్టు ఉంది. ఉంటాను."

"ఉండవే. ఎలా ఉన్నావ్?"



"ఇప్పుడడుగుతున్నావా?" అంది లక్ష్మి. ఆ మాటలో కోపం కూడా లేదు. "రెండేళ్లయింది అక్కా. పండగలొచ్చాయి, పోయాయి. ఒక్కసారి చేస్తావేమో అనుకున్నా. ఆంబులెన్సులో కూడా నీ నంబరే చెప్పాలనుకున్నా. అంతలోనే అమ్మకి చెప్పేస్తావని మానేశా. ఇప్పుడు చేశావ్. బ్యాంకువాడు అడ్డం పడితే చేశావ్."

"అవును," అంది ఝాన్సీ.

సంజాయిషీలు చాలా ఉన్నాయి. నువ్వు చేయలేదుగా అనొచ్చు, నీ మంచికే చెప్పాను అనొచ్చు. అవేవీ గొంతు దాటి రాలేదు. కళ్లనుంచి నీళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి.

"అవునే. బ్యాంకువాడు ఆపకపోతే చేసేదాన్ని కాదేమో. అదే నాకు సిగ్గుగా ఉంది. నువ్వు పంపింది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. వద్దంటే ఇప్పుడే చెరిపేస్తా. ఇల్లు ఇది కాకపోతే ఇంకోటి. నాకు నువ్వు కనిపించాలి."

"కెమెరా పాడైంది."

"పిన్నితో మాట్లాడాను. నీ గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చెప్పను. ఎప్పుడు చెప్పాలనుకుంటే అప్పుడు నువ్వే చెప్పుకో."

ఫోన్ పెట్టేసిందేమోనని జయదేవ్ తెర మీదికి వంగి చూశాడు. పెట్టలేదు. ఆ నలుపులోంచి ముక్కు ఎగబీల్చిన శబ్దం వచ్చింది. అతను తెరకు దగ్గరగా జరిగి, "లక్ష్మీ, నేను బావని," అన్నాడు. "ఆ బిల్లుల సంగతి మనం ముగ్గురం కలిసి చూసుకుందాం. నిన్నేమీ అనుకోలేదమ్మా." ముందు అనుకున్నాడు గానీ, ఇప్పుడు ఆ మాట నిజమే.

ఝాన్సీ మొహం తుడుచుకుంది. ఏం చేస్తోందో తనకే తెలియకుండా వీపు నిటారుగా చేసి కూర్చుంది. కళ్లద్దాల మాస్టారి గొంతు తెచ్చుకోబోతే సగం ఏడుపే వచ్చింది.

"ఝాన్సీలక్ష్మి వన్," అని పిలిచింది. తనే చెయ్యెత్తి, "ప్రెజెంట్ సార్," అంది.

జయదేవ్ అయోమయంగా చూశాడు.

"ఝాన్సీలక్ష్మి టూ."

బదులు లేదు. పైన ఇంటివాళ్ల అడుగుల చప్పుడు అటునుంచి ఇటు నడిచి ఆగింది. గొంతు సన్నగా చేసి ఆ హాజరు కూడా పలికేయడం ఝాన్సీకి చిన్నప్పటి అలవాటు. మాట పెదవులదాకా వచ్చింది కూడా. పెదవులు గట్టిగా బిగించుకుంది. ఈసారి పలకలేదు. ఎంతసేపైనా సరే అని ఆ నల్లటి తెర వంక చూస్తూ కూర్చుంది.

తెర ఒక్కసారి మినుకుమంది. తక్కువ వెలుతురున్న గది, బట్టలు ఆరేసిన తాడు, ఒక మొహం. ఎడమ దవడ మీద చెవి దగ్గర్నుంచి గడ్డందాకా దిగిన గీత. ఝాన్సీ ఆ గీతను చూసింది, చూపు తిప్పుకోలేదు. లక్ష్మి మోచేతిని ఇంకో చేత్తో పట్టుకుని, బడిలో రెండో వరసలో కూర్చున్నప్పుడు ఎత్తినట్టే చెయ్యెత్తింది.

"ప్రెజెంట్ సార్," అంది.